ఒక్క తండ్రికే చోటు

మా ఊరి కాలేజీలో చేరడానికి పెద్ద అర్హతలేం అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు నిండితే చేరొచ్చు. హైస్కూలు గట్టెక్కావా లేదా అని కూడా ఎవరూ నిలదీయరు. నేనూ ఒకసారి చేరాను, ఇంగ్లీషు బాగు చేసుకుందామని. కొన్ని వారాలకే రెండోవాడు కడుపులో పడటంతో మానేశాను. మళ్ళీ రమ్మని ఇప్పటికీ కార్డులు పంపుతూనే ఉంటారు. రండి రండి అని చేయి పట్టి లోపలికి తీసుకెళ్ళి, కూర్చున్నాక అసలు సంగతి చెబుతారు. ఏ పాఠమైనా తప్పితే మళ్ళీ చదవొచ్చు, కానీ మొత్తం మూడుసార్లే. నాలుగోసారి కూర్చోవాలంటే ఒక కమిటీ ముందు చేతులు కట్టుకుని నిలబడి, నీ కష్టం ఏమిటో చెప్పుకోవాలి. ఆ కష్టం వాళ్ళ జాబితాలో ఉన్న కష్టమే అయి ఉండాలి.

మా ఆడపడుచు హువాకి ఆ మూడూ అయిపోయాయి.

పిల్లకి ఇరవై నాలుగేళ్ళు. వృద్ధాశ్రమంలో పక్కలు మార్చే పని చేస్తుంది. నర్సు కావాలని దాని పట్టుదల. నర్సు చదువుకి దరఖాస్తు పెట్టాలంటే ముందు శరీర నిర్మాణం పాఠం పాసవ్వాలి. ఒంట్లో ఉన్న ప్రతి ఎముకకీ ప్రతి నరానికీ ఒక పేరుంటుందట, అవన్నీ నోటికి రావాలి. మా పిల్ల మరీ చురుకైనదేం కాదు, ఉన్నమాట చెప్పుకోవాలి. కానీ ఒకటి పట్టుకుంటే వదలదు. నేను వంటింట్లో పంది కాలు కొడుతుంటే పక్కన నిలబడి, ఆ ఎముక పేరేమిటో, దాని పక్కది ఏమిటో చెప్పి నా ప్రాణం తీసేది. పేరు తప్పు చెబితే తనే నాలిక కరుచుకుని మళ్ళీ మొదటినుంచి మొదలెట్టేది.

జూన్‌లో ఒక పొద్దున మేమిద్దరం చేలో నిమ్మగడ్డి కోసి కట్టలు కడుతున్నాం, శనివారం సంతకి. కాలిఫోర్నియాలో ఈ ఫ్రెస్నో చుట్టుపక్కల ఎండ సంగతి చెప్పక్కర్లేదు, అప్పటికే వీపు మాడిపోతోంది. హువా ఫోను కూసింది. చేతి తొడుగు పళ్ళతో లాగి తీసి చూసింది. చూసి, అలాగే గట్టు మీద కూలబడింది.

"వదినా, కమిటీ వాళ్ళు రాశారు."

"ఏమన్నారు? కుదరదన్నారా?"

"కాదు. మీ నాన్న ఎన్నిసార్లు పోయాడని అడుగుతున్నారు."

"వాళ్ళ మొహం. మనిషన్నవాడు ఎన్నిసార్లు పోతాడే?"

"మా నాన్న రెండుసార్లు పోయాడు కదా వదినా."

నవ్వబోయి ఆగిపోయాను. నిజమే, హువా తండ్రి రెండుసార్లు పోయాడు. ఈ ముక్క మా వాళ్ళలో ఎవరితో అన్నా అర్థమవుతుంది. ఇంకెవరికి చెప్పాలన్నా మొదటినుంచి చెప్పుకురావాలి.

మా మామగారి పేరు నెంగ్. ఆయనకి ఒక అన్న, వామెంగ్. హువా పుట్టిన కొన్ని నెలలకే మా అత్తగారు పోయారు. అప్పటికే నలుగురు మగపిల్లలు, అందులో రెండోవాడు నా మొగుడు లెంగ్. ఏం చేయాలో పాలుపోక, మామగారు చంటిదాన్ని దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళి పిల్లల్లేని అన్నావదినల ఒళ్ళో పెట్టారు. కొండదేశం వదిలి ఇక్కడికి వలసొచ్చిన మా మోంగ్ తెగ ఇళ్ళల్లో ఇది వింతేం కాదు. అన్న బిడ్డ, తమ్ముడి బిడ్డ అని వేరే లెక్కలుండవు. ఇంటిపేరు ఒకటి, కొలిచే పితృదేవతలు ఒకరే. కోర్టుకెళ్ళి దత్తత రాయించుకోవాలని ఎవరికీ తోచలేదు. సొంత పిల్లని ఇంట్లో ఉంచుకోవడానికి జడ్జీ అనుమతి ఏమిటి? దాంతో పుట్టిననాటి కాగితంలో తండ్రి పేరు నెంగ్ అనే ఉండిపోయింది. దాన్ని తీసి చూసినవాళ్ళూ లేరు.

పిల్ల వామెంగ్ పెదమామగారినే నాన్న అని పిలిచి పెరిగింది. ఆయన భార్యని, అంటే మా పెద్దత్తయ్యని, అమ్మ అనే పిలుస్తుంది. కన్నతండ్రినీ నాన్న అనే అనేది. పండక్కి అన్నదమ్ములిద్దరూ ఒకచోట చేరి, ఇది 'నాన్నా' అంటే ఇద్దరూ తల తిప్పేవారు. మేం నవ్వుకునేవాళ్ళం.

ముందు పెదమామగారు పోయారు, రెండున్నరేళ్ళ కిందట. మా చావులు ఒక పూటతో తెమిలేవి కావు. శుక్రవారం పొద్దున కర్మల హాల్లో డప్పు మొదలైతే సోమవారం మట్టి చేసేదాకా ఆగదు. వెదురు బూర ఊదేవాళ్ళు ఊదుతూనే ఉండాలి, కోడళ్ళు వెనక వంటింట్లో వండుతూనే ఉండాలి. ఆ వంటిల్లు ఎవరు కట్టారో గానీ కోడళ్ళని చంపడానికే కట్టారు. ఇక పోయినవాళ్ళ పిల్లలు, వచ్చిన ప్రతివాళ్ళకీ మోకరిల్లి మొక్కాలి, వాళ్ళు చేయి పట్టి లేపాలి, మళ్ళీ ఇంకొకళ్ళకి మోకరిల్లాలి. డప్పు మోగినంతసేపూ హాలు వదిలి కదలకూడదు. పెదమామగారికి పిల్లల వరసలో ముందు నిలబడింది హువాయే. మోకాళ్ళు కమిలి నల్లబడ్డాయి. ఆ తర్వాత కర్మలు, ఆ తర్వాత పెద్దత్తయ్య మంచం పట్టడం, వాటితో ఆ టర్ము క్లాసులన్నీ గాల్లో కలిసిపోయాయి.

అప్పుడు కాలేజీ వాళ్ళే దారి చూపించారు. ఇంట్లో దగ్గరివాళ్ళు పోతే ఒక ఫారం పెట్టుకో, ఆ టర్ము నీ లెక్కలోకి రాకుండా తీసేస్తాం అన్నారు. 'పోయినవారు మీకేమవుతారు' అన్నచోట, తండ్రి అన్న గడిలో టిక్కు పెట్టింది హువా. చావు రోజున పంచిన ఫొటో కాగితం జతచేసింది. అందులోనూ కూతురు హువా అనే అచ్చువేశారు. వాళ్ళు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

అది లెక్కలోకి రాలేదు సరే, మిగతా మూడూ వచ్చాయి. అంతకు ముందోసారి చదివి తప్పింది. ఆయన పోయాక మళ్ళీ చేరి, సగంలో మార్కులు పడిపోతుంటే బెదిరిపోయింది. ఎవరో స్నేహితురాలట, 'మానెయ్యవే, మానేస్తే తప్పినట్టు కాదు, మార్కుల దగ్గర ఒక అక్షరం పడుతుందంతే' అంది. మానేసింది. ఆ ఒక్క అక్షరం కూడా ఒక అవకాశాన్ని మింగేస్తుందని తర్వాత తెలిసింది. ఆ రోజు నేను దాన్ని తిట్టిన తిట్లు తలుచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గేస్తుంది. ఇక మూడోది ఈ వసంతంలో. ఈసారి బాగా చదివింది. మాస్టారు మెచ్చుకున్నారని ఇంటికొచ్చి గెంతింది. ఏప్రిల్లో మా మామగారు, దాని కన్నతండ్రి, నిద్రలోనే పోయారు.

పెద్ద ప్రాక్టికల్ పరీక్ష రోజున హువా మళ్ళీ అదే హాల్లో, పిల్లల వరసలో, మోకాళ్ళ మీద ఉంది. ఫోను సంచిలో పెట్టి నాకిచ్చింది. నేను ఆ సంచి బియ్యం బస్తా మీద పడేసి కూరల్లో పడ్డాను. మాస్టారికి కబురు పెట్టాలన్న ధ్యాస మాలో ఒక్కరికీ లేదు. ఎముకలన్నీ బల్లల మీద పేర్చి పెట్టేది ఆ ఒక్కరోజేనట. సున్నా పడింది, పాఠం తప్పింది.

దాంతో మళ్ళీ ఫారం, మళ్ళీ తండ్రి గడిలో టిక్కు. ఈసారి రుజువుకి పుట్టిన కాగితం జతచేసింది. రెండు చావుల్లోనూ ఆ పిల్ల కూతురిగానే మోకరిల్లితే మా పెద్దమనుషులెవరికీ అనుమానం రాలేదు. కాలేజీ కంప్యూటరుకి వచ్చింది.

కమిటీ ఒప్పుకోకపోతే ఈ కాలేజీలో ఆ పాఠం ఇక జన్మలో దొరకదు. చుట్టుపక్కల ఊళ్ళవి కూడా దీని తోబుట్టువులే, అన్నిటికీ ఒకటే లెక్క. ఇంకా దూరం పోదామంటే, పెద్దత్తయ్యని ఒంటరిగా వదిలి పోలేదు. అంటే నర్సు మాట ఇక మరిచిపోవడమే.

"ఉన్నదున్నట్టు రాసెయ్," అన్నాను గట్టు మీద దాని పక్కన కూర్చుని. "మనమేం దొంగతనం చేశామా?"

రాసింది. పెంచిన తండ్రి, కన్నతండ్రి, మా ఆచారం, మొత్తం ఒక పేజీ. వాళ్ళు వెంటనే జవాబిచ్చారు, గౌరవంగానే. మీకు కలిగిన నష్టానికి చింతిస్తున్నాం, దత్తత కాగితం గానీ కోర్టువారి సంరక్షణ కాగితం గానీ జతచేయగలరు, లేనిచో కమిటీ ముందు హాజరై వివరణ ఇవ్వగలరు అని.

కాలేజీలో పిల్లలకి సలహాలు చెప్పే ఉద్యోగి ఒకడున్నాడు, ఫెంగ్ మువా అని మావాడే. మా అత్తగారి పుట్టింటి ఇంటిపేరు అతనిది. అంచేత వయసులో నాకంటే చిన్నవాడైనా హువాకీ మా ఆయనకీ మేనమామ వరస, నాకేమో మామగారి వరస. టై కట్టుకుని, బల్లమీద కాగితాలు సర్దుతూ కూర్చున్నాడు.

"ఏం మామయ్యగారూ, ఇంకా పెళ్ళి కాలేదా?" అన్నాను లోపలికి వెళ్తూనే.

"ముందు మీ పిల్ల సంగతి తేల్చుకోండి, తర్వాత తీరిగ్గా నన్ను ఉరి తీద్దురుగాని," అన్నాడు. అని, నవ్వు ఆపేసి హువా వైపు తిరిగాడు. "చూడమ్మా, వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ కమిటీ పెద్దావిడ నిజంగా మంచి మనిషి. కానీ వాళ్ళ ముందు రెండు ఫారాలున్నాయి, రెండింట్లోనూ తండ్రే. ఏదో ఒకటి చెప్పాలి నువ్వు."

"రెండూ నిజమే కదా మామయ్యా."

"నాకు తెలీదా? వామెంగ్ గారి చావుకి నేనూ వచ్చా. నువ్వు మోకరిల్లితే లేపింది నేనే." టై ముడి వదులు చేసుకున్నాడు. "కానీ కాగితం లేదు. ఆయనే నాన్న అంటావనుకో, అప్పుడు నెంగ్ గారు బాబాయి అవుతారు. బాబాయి చావు వాళ్ళ జాబితాలో లేదు, నీ సున్నా అలాగే ఉండిపోతుంది. నెంగ్ గారే నాన్న అంటే, పుట్టిన కాగితం ఉంది, పని జరుగుతుంది. అప్పుడు ఆ మొదటిది..."

"అబద్ధం అవుతుంది."

"పొరపాటు అవుతుంది. పొరపాటని నువ్వే రాసిస్తే ఆ పాత సంగతి కదపం అన్నారు, నేను అడిగాను. ఒక్క వాక్యం చాలు. ఇంగ్లీషు సరిగ్గా అర్థం కాక పెదనాన్నని తండ్రి అని రాశాను, ఆయన నా తండ్రి కాదు అని."

"నాకు ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది మామయ్యా," అంది హువా.

"తెలుసే తల్లీ."

నాకు ఒళ్ళు మండింది. "బాగుంది వరస. మెడకి ఆ గుడ్డముక్క కట్టుకోగానే మన ఇళ్ళ సంగతి మరిచిపోయారా? వాళ్ళకి చెప్పడానికే కదా మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టింది!"

అతను కోప్పడలేదు, అదే నన్ను ఇంకా బాధపెట్టింది. "చెప్పడం లేదనుకుంటున్నారా?" అన్నాడు మెల్లిగా. "చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. చెప్పిన ప్రతిసారీ తలలూపుతారు. ఎంత అందమైన ఆచారం అంటారు. అని, కాగితం ఏదీ అంటారు. నాకు మాత్రం కడుపు రగలదా?"

బయటికి వచ్చాక హువా కారెక్కలేదు. తలుపు పట్టుకుని నిలబడింది. "అమ్మకి ఎవరు చెబుతారు వదినా?" అంది. ఇంకెవరు చెబుతారు, నేనే చెప్పాలి. ఇంట్లో ఇలాంటి పనులన్నీ నోరున్న కోడలి నెత్తినే పడతాయి.

పెద్దత్తయ్య వంటింట్లో ఆవకూర తరుగుతోంది. లెంగ్ కూడా అక్కడే ఉన్నాడు, ఊడిపోయిన పీట కాలు బిగిస్తూ. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆవిడ కత్తి ఆగింది.

"ఏమని రాయాలంట?"

"ఆయన తండ్రి కాదు, పెదనాన్న అని."

"పెదనాన్నే కదా," అంది. "పుట్టుకని బట్టి చూస్తే పెదనాన్నే. అందులో తప్పేముంది." మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ఆ ముక్కలు మునుపటంత సన్నగా రావడం లేదు.

"రాసి పారెయ్యవే, కాగితం ముక్కేగా," అన్నాడు లెంగ్ తల ఎత్తకుండా.

"నువ్వు నోరు ముయ్యి. నీ తండ్రిని కాదని రాయమంటే తెలిసేది," అన్నాను. పీటతో సహా వరండాలోకి పోయాడు.

ఆవిడ మొహం చూడలేక, తేలిక చేద్దామని అన్నాను: "పోయినవాళ్ళకి ఇంగ్లీషు రాదులే పెద్దత్తయ్యా, ఆయన చదవరు."

"ఆయనకి వచ్చు," అంది. "రెండు శీతాకాలాలు రాత్రి క్లాసులకి పోయారు, ఆ కాలేజీకే. పిల్ల బళ్ళో రాసుకొచ్చినవి తనే చదవాలని."

హువా గిర్రున తిరిగింది. "నేను రాయను అమ్మా. నర్సుని కాకపోతే చచ్చిపోను. పక్కలు మార్చుకుంటూ బతికేస్తాను. ఆయన్ని ఎవరో అని రాసి నేను..."

కత్తి బల్లమీద పడ్డ చప్పుడుకి ఇద్దరం ఉలిక్కిపడ్డాం. పెద్దత్తయ్య గొంతు పెంచడం నేను అదే మొదటిసారి వినడం.

"చాల్లే నోరు ముయ్యి! బడి ఉన్న రోజున ఆయన నిన్ను ఎప్పుడైనా చేలోకి రానిచ్చాడా? కూలివాళ్ళు దొరక్క ఉల్లికాడలు ఎండిపోతున్నా, పిల్లని పిలవద్దు, చదువుకుంటోంది అనేవాడు. ఇప్పుడు ఆయన పేరు చెప్పి చదువు ఆపేస్తావా? ఎవరడిగినా ఏం చెబుతావు? మా నాన్న వల్లే పోయిందని చెబుతావా? పోయినాయన నెత్తిన పెడతావా ఈ పాపం?"

హువా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఇటు రాస్తే ఒక తప్పు, అటు రాయకపోతే ఇంకో తప్పు. ఆ ముసలావిడ ఈ రెండో తప్పుని పిల్ల మీద పడనివ్వదు, అంతే.

ఏడుపు తగ్గాక ఆవిడే అంది: "రాసేముందు ఆయనకి ఒక మాట చెప్పు. చెప్పకుండా రాయకూడదు."

కోడిని ఉడకబెట్టింది. గిన్నెలో వేడన్నం పెట్టి, చెంచా పక్కన పెట్టి, కుర్చీ వెనక్కి లాగి ఉంచింది. ఇంటి పెద్దల్ని భోజనానికి పిలిచేది మామూలుగా మగవాళ్ళు. లెంగ్‌ని పిలవనా అంటే వద్దంది. "కూతురు పిలిస్తే ఆయన వస్తాడు," అంది. హువా ఆ కుర్చీ ముందు నిలబడి చెంచాతో అన్నం ముట్టుకుని పిలిచింది. "నాన్నా, వామెంగ్ నాన్నా, రా, వచ్చి తిను." అక్కడిదాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత చెప్పాల్సింది నోట రాలేదు. నిలబడే ఉంది. అన్నం మీద ఆవిరి తగ్గిపోయింది. చివరికి పెద్దత్తయ్యే వెనకనుంచి అందుకుంది, రోజూ మొగుడితో మాట్లాడినట్టే: "పిల్ల కాలేజీకి ఒక కాగితం రాయాలంట. మీరేం పట్టించుకోకండి. తినండి."

హువా కూర్చుని ఆ వాక్యం రాసింది.

కమిటీ రోజున పెద్దత్తయ్య మాకంటే ముందే తయారై కూర్చుంది. మేజోళ్ళ మీద చెప్పులు, అంత ఎండలోనూ ఊలు టోపీ.

"నువ్వెందుకమ్మా, అక్కడంతా ఇంగ్లీషే," అంది హువా.

"మాట్లాడ్డానికి వస్తున్నానా? కూర్చోడానికి వస్తున్నా. నా పిల్ల అంతమంది ముందు ఒక్కతీ నిలబడుతుంటే నేను ఇంట్లో కూర్చుని టీవీ చూడనా?"

"కారెక్కండి పెద్దత్తయ్యా, ఆ టోపీ చూస్తే వాళ్ళు భయపడి ఇప్పుడే ఒప్పేసుకుంటారు," అన్నాను. ఆవిడ నవ్వింది. ఆ వేళకి ఆ నవ్వే మాకు చాలా అనిపించింది.

పొడుగాటి బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు ఆవిడ, ఫెంగ్ చెప్పిన పెద్దావిడ. ఒకవైపు గడ్డం మాస్టారు, ఇంకోవైపు టైపు చేసుకునే అమ్మాయి. బల్లమీద చాక్లెట్ల గిన్నె. హువా వాళ్ళకెదురుగా కూర్చుంది, పెద్దత్తయ్యా నేనూ గోడవార కుర్చీల్లో. పెద్దావిడ ముందున్న కాగితాల్లో పెదమామగారి చావు రోజు పంచిన ఫొటో కాగితం మాకు కనబడుతూనే ఉంది. మా పెద్దత్తయ్య దాన్నే చూస్తోంది. అందులో ఆయన పక్కన ఆవిడ ఫొటో కూడా ఉంది, కింద భార్య అని, ఆ కిందే కూతురు హువా అని.

పెద్దావిడ ముందు మా మామగారు పోయినందుకు విచారం చెప్పింది. నిజంగానే చెప్పింది, కళ్ళల్లో కనబడింది. ఆ తర్వాత ఆ ఫొటో కాగితం మీద వేలు పెట్టింది.

"అయితే ఈ వామెంగ్ థావ్ గారు మీ పెదనాన్న, అంతేనా?"

"అవును."

"మీ తండ్రి కారు."

హువా వీపు మాత్రమే కనబడుతోంది నాకు. ఆ వీపు ఒకసారి పైకి లేచి దిగింది.

"కారు."

"మరి ఆ రోజు అలా ఎందుకు రాశారో చెప్పగలరా?"

"పొరపాటు. నాకు అప్పట్లో ఇంగ్లీషు సరిగ్గా వచ్చేది కాదు. ఆ మాటకి అర్థం నాకు తెలియలేదు." ఇంత స్పష్టంగా, ఒక్క తడబాటు లేకుండా ఇంగ్లీషులోనే చెప్పింది. ఈ కాలిఫోర్నియాలోనే పుట్టి, ఇక్కడి బళ్ళోనే అక్షరాలు దిద్దిన పిల్ల. గడ్డం మాస్టారు సానుభూతిగా తలూపాడు. అదేమిటని ఎవరికీ అనిపించలేదు.

ముగ్గురూ కాసేపు తగ్గు గొంతుతో మాట్లాడుకున్నారు. పెద్దావిడ నవ్వు మొహంతో ఇటు తిరిగింది. ఇది చివరి అవకాశం అని గుర్తుంచుకో, ఆగస్టులో మళ్ళీ చేరు అంది. హువా రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. నేను లోపల్లోపలే మా పెద్దలందరికీ దణ్ణం పెట్టాను. ఇక సంతకం పెట్టడమే మిగిలింది.

పెద్దావిడ కలం చేత్తోనే పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి మా దగ్గరికి వచ్చింది. మంచి మనిషే, ఆ మంచితనంతోనే వచ్చింది. ఊలు టోపీ ముందు వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, నెమ్మదిగా, పెద్దత్తయ్య చేయి పట్టుకుని అడిగింది.

"మీరు హువా అమ్మగారా? ఈ అమ్మాయిని చూసి మీరు ఎంత గర్వపడుతుంటారో!"

సంతకం పడలేదింకా. ఆ ఫొటో కాగితం బల్లమీదే తెరిచి ఉంది. హువా కుర్చీలోంచి లేచింది, నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు, అడగను కూడా.

దానికి ఆ అవసరం రానివ్వలేదు మా పెద్దత్తయ్య. సంతలో కూరగాయలు అమ్మి అమ్మి నేర్చుకున్న నాలుగు ఇంగ్లీషు మాటలున్నాయి ఆవిడ దగ్గర. తల అడ్డంగా ఊపి, వేలితో తన గుండె చూపించుకుంది.

"నో మదర్," అంది. "ఆంటీ."

అని నవ్వింది కూడా, పొద్దున కారెక్కేముందు నవ్వినట్టే.

"ఓ, ఆంటీ!" అంది పెద్దావిడ. పెద్దత్తయ్య చేయి ఆప్యాయంగా తట్టి, వెళ్ళి సంతకం పెట్టేసింది. ఆ కలం లాక్కుని విరిచెయ్యాలనిపించింది నాకు. లాక్కోలేదు. కాగితం తీసుకుని, మడిచి, నా సంచిలో పెట్టుకుని, థాంక్యూ అన్నాను. చాక్లెట్ తీసుకోమంటే తీసుకున్నాను కూడా.

బయట ఎండ మొహాన కొట్టింది. పెద్దత్తయ్య మాకోసం ఆగలేదు. చెప్పులు టపటపలాడించుకుంటూ కార్ల మధ్యనుంచి చకచకా పోతోంది, మా కారు ఎక్కడుందో తెలిసినట్టు. నిజానికి అది ఇంకో వైపు ఉంది.

"అమ్మా!" అని పిలిచింది హువా. "అమ్మా, అటు కాదు, ఆగు!"

పెద్దత్తయ్య ఆగింది. ముందు వెనక్కి తిరిగి, హువాని దాటి, మేం వచ్చిన దారంతా చూసింది. మెట్ల దగ్గర ఎవరైనా నిలబడి వింటున్నారేమోనని చూసింది. ఎవరూ లేరని తేల్చుకున్నాకే, చిన్నగా, "ఏమే తల్లీ," అంది.